పలకని బల్లి

మేత పుస్తకం. తొమ్మిదో సందు, ప్రాణుల ఇల్లు. కాపరి: మద్దిలేటి. కొత్తగా ఇచ్చిన ప్రాణి: బల్లి, ఆడది, ఒకటి.

రోజు 1
వేసిన కీచురాళ్లు ఆరు. తిన్నవి ఐదు. బరువు యాభై రెండు గ్రాములు.

‘ఇతర విషయాలు’ అన్న గడి బొటనవేలంత ఉంది. వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి కాబట్టి అక్కడ రాస్తున్నాను. నలభై రోజులు వదలకుండా రాయాలని ప్రాణుల కచేరిలో హసీనా గట్టిగా చెప్పింది. ఇరవై ఎనిమిదేళ్లు పంపుల దగ్గర పని చేసినవాణ్ణి, పుస్తకం రాయడం నాకు కొత్త కాదు. పంపు పుస్తకంలో అబద్ధం రాస్తే మరుసటి రోజు నీళ్లే బయటపెట్టేవి. ఇందులో ఆ భయం లేదు.

ఐదేళ్లకొకసారి సందుకు ఒక కొత్త ప్రాణిని ఇస్తారు. ఇంటింటికీ పెంచుకునేంత గాలీ మేతా ఈ గుట్ట కింద లేవు. అందుకే సందుకొక ఇల్లు ప్రాణులది, మిగతావాళ్లు వంతులవారీగా వచ్చి చూసుకుని, నిమురుకుని పోతారు. ఈసారి సందు సందంతా కుందేలు అంది. మా అక్క ఓబులమ్మ మాత్రం బల్లి అంది. అక్కకు డెబ్బై ఆరు. కళ్లు మసకబారి ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియవు.

"ఈడ గోడలుండాయి గానీ గోడమీద బల్లి ల్యాదు. ముప్పై ఏండ్లాయె, ఏ మాట సత్తెమో ఏది కాదో చెప్పే దిక్కు ల్యాకుండా బతుకుతాండాం," అంది సందు పంచాయతీలో.

చిన్నవాళ్లకు అర్థం కాలేదు. యాభై దాటినవాళ్లు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పైన బతికిన రోజుల్లో మనిషి మాట అనగానే బల్లి పలికితే ఆ మాట నిజమని లెక్క. వేలితో మూడుసార్లు తట్టి ‘సత్యం’ అనుకునేవాళ్లం. కుందేలు ఓడిపోయింది.

పొదిగే శాలలో హసీనా రెండు పెట్టెలు చూపించింది. ఒకదాంట్లో గోడబల్లి. వేలెడంత, మట్టి రంగు, చూడటానికి ఏమీ లేదు. నేను ముఖం దగ్గర పెట్టగానే మూత కిందికి పాకి అక్కడినుంచి పలికింది. రెండోది చిరుతమచ్చల బల్లి. జానెడు పొడుగు, పసుపు ఒంటి మీద నల్ల చుక్కలు, లావుపాటి తోక. కళ్లకు రెప్పలు కూడా ఉన్నాయి. పట్టకారుతో కీచురాయిని చూపిస్తే నడుచుకుంటూ వచ్చి మర్యాదగా అందుకుంది.

"ఇది నిమ్మళంగా ఉంటాది చిన్నాయనా, పెట్టె దాటి రాదు. కానీ పలికే జాతి కాదు," అంది హసీనా. "అదైతే పలుకుతాది. కానీ దాన్ని గోడమీద తిరగనియ్యాల. మీ ఇంట్లో పిల్లుండాది గదా మరి."

పిల్లి ఉంది, పేరు బూడిద. గోరింక ఉంది, పేరు వకీలు, ఏ మాటకైనా ఎదురుమాట చెబుతుంది కాబట్టి. తాబేలు ఉంది. దానికి పేరు పెట్టలేదు, పిలిస్తే వచ్చే రకం కాదు. ఇన్ని నోళ్లున్న ఇంట్లోకి గోడబల్లిని వదిలితే సాయంత్రానికి తోక కూడా మిగలదు. హసీనాతో అదే అన్నాను. చిరుతమచ్చల దాన్ని తీసుకున్నాను. తెలివైన పని చేశానని దారి పొడవునా అనుకుంటూ వచ్చాను.

ఇంటికొచ్చి అక్కతో గోడబల్లే అని చెప్పాను.

"పలుకుతాదా?"

"కొత్త చోటు గదక్కా. కుదురుకున్నాక పలుకుతాది."

అక్క దానికి సత్తెమ్మ అని పేరు పెట్టింది.

రోజు 3
వేసినవి ఐదు. తిన్నవి ఐదు.

కీచురాళ్లను సందు చివర మేత గదిలో పెంచుతారు. ప్రతి వంటింటి తొక్కలూ తొడిమలూ వాటికే పోతాయి. బల్లికి వేసే కీచురాయి దాని రెండు కళ్ల మధ్య ఉన్న ఎడం కంటే పెద్దది కాకూడదు. వేసేముందు కాల్షియం పొడిలో దొర్లించాలి. తినకుండా మిగిలినవాటిని ఏరేయాలి, లేకపోతే అవే బల్లిని కొరుకుతాయి. ఇవన్నీ కచేరి వాళ్లిచ్చిన చిన్న పుస్తకంలో ఉన్నాయి. రెండుసార్లు చదివాను.

పెట్టెను అక్క మంచం తలాపున బల్ల మీద పెట్టాను. పక్కనే పీట వేసుకుని కీచురాళ్లు ఏరుతుంటే అక్క మంచం మీద కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. కళ్లు లేకపోయినా వేళ్లతో రాళ్లు పట్టేస్తుంది.

"ఈ ఏడు కందిబేడలు బాగుండాయి," అంది. అని, చేట ఆపి, ముఖం పెట్టె వైపు ఎత్తింది. అట్లా ఎత్తి ఎదురుచూసింది. నాకు పదహారేళ్లు పెద్దది అక్క. అమ్మ పోయాక నన్ను చంకనెత్తుకుని పెంచిన మనిషి. ఎప్పుడూ ఏదీ అడగలేదు.

తల పెట్టె వైపు తిప్పి, నోట్లోని తంబాకు బుగ్గన పెట్టి, నాలుక అంగిటికి ఆనించి, మూడుసార్లు చప్పరించాను.

అక్క ముఖం విప్పారింది. మంచం కోడు మీద చూపుడువేలితో మూడుసార్లు తట్టి, "సత్తెం," అంది. "పలికింది రా మద్దిలేటీ. ఇన్నాళ్లకు."

ఒక మాటకు, అదీ కందిబేడలకు. ఇందులో తప్పేముంది అనుకున్నాను.

రోజు 9
వేసినవి ఐదు. తిన్నవి నాలుగు.

అక్క వారం రోజులుగా మాట్లాడుతూనే ఉంది. ఇంత మాటకారి అని మరిచిపోయాను. పప్పుచారులో చింతపండు ఎక్కువైందని, ఎదురింటి నాగేంద్రమ్మ కోడలు మంచిదని, పగటి దీపాలు మునుపటి కంటే మసకగా వెలుగుతున్నాయని. కొన్నిటికి పలుకుతాను, కొన్నిటికి ఊరుకుంటాను. నిజం బల్లి కూడా అంతే కదా.

ఈ రోజు బూడిద ఆమె పాదాల మీద పడుకుని ఉంది. అక్క కాళ్లు ఎప్పుడూ చల్లగా ఉంటాయి, ఆ పిల్లే ఆమెకు దుప్పటి. దాని వీపు నిమురుతూ అక్క అంది: "మా కర్రిగాడు నీళ్లు తాగే పోయింటాడు. మద్దిలేటి విడిచిపెట్టె గదా, వానికేం."

ముఖం ఎత్తింది.

ఊరుకుని ఉండవలసింది. కానీ చింతపండుకూ నాగేంద్రమ్మ కోడలికీ పలికిన బల్లి ఈ మాటకు ఊరుకుంటే, ఆ ఊరుకోవడమే ఒక జవాబవుతుందని భయమేసింది. చప్పరించాను.

అక్క చాలాసేపు కోడు మీద వేలు పెట్టి ఉంచింది. తర్వాత తట్టింది.

కచేరిలో ఈ వెనక పేజీలు ఎవరూ చదవరు. అందుకని రాస్తున్నాను. కర్రిగాడు అక్క పెంచిన కుక్క. ముప్పై ఒక్క ఏళ్ల కింద, పైన ఎండ మనిషిని నిలవనీయకుండా అయ్యాక, మా ఊరిని గుట్ట కిందికి దించారు. జంతువులను రానీయలేదు. అక్కను ముందు బండిలో పంపారు. పోతూ పోతూ, "దాన్ని ఇప్పి కాలవకాడ వదిలిపెట్రా, దాని బతుకు అది బతుకుతాది," అని నా చేతిని రెండు చేతులతో పట్టుకుని చెప్పింది. సరే అన్నాను.

నా బండి చెప్పిన వేళ కంటే ముందే వచ్చింది. నేను పనిముట్ల పెట్టె ఎక్కించుకునే గొడవలో ఉన్నాను. ఊరి మలుపు తిరిగాక కుక్క మొరుగుడు వినపడింది. అప్పుడు గుర్తొచ్చింది, దాన్ని విప్పలేదని. బండి ఆపమంటే నాలుగు నిమిషాల పని. నలభై మంది కూర్చుని ఉన్నారు, చంటిపిల్లలు ఏడుస్తున్నారు, కుక్క కోసం ఆపమని అడగడానికి నాకు నోరు రాలేదు. కింద అక్క అడిగితే, "విడిచిపెట్టినా అక్కా. తోక ఊపుకుంటా కాలవలోకి దిగె," అన్నాను. తోక సంగతి నేనే కల్పించాను. ఏటా దిగినరోజు పండగకు అక్క ఆ కథ నాచేత చెప్పించుకుంటుంది. సంగటి ముద్ద ఒకటి దాని పేరు మీద పక్కన పెడుతుంది.

ఇంకొకటి కూడా ఉంది. అది ఇక్కడ కూడా రాయలేను.

రోజు 15
వేసినవి ఐదు. తిన్నవి రెండు. బరువు నలభై ఎనిమిది.

పెట్టె అడుగున వేడి పలక ఉంది. ఆ వెచ్చదనం మూత దాకా వస్తుందని బూడిద కనిపెట్టింది. ఇప్పుడు అక్క పాదాల మీద సగం పూట, పెట్టె మూత మీద సగం పూట. మూత మీద పడుకుని తల కిందికి వేలాడేసి అద్దంలోంచి సత్తెమ్మను చూస్తుంది. ఊరికే చూస్తుంది, అంతకంటే ఏమీ చేయదు. సత్తెమ్మ మట్టిచిప్ప కిందినుంచి బయటికి రావడం మానేసింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు, బల్లికైనా అంతే.

చిన్న పుస్తకంలో నాలుగో పేజీలోనే ఉంది: ‘ఇంట్లో వేరే జంతువులుంటే వాటి చూపు పడని గదిలో పెట్టాలి. చూపు పడితే మేత మానేస్తుంది.’

చూపు పడని గది నాకు ఉంది. నా సామాన్ల గది, తలుపూ గడియా ఉన్నాయి. కానీ పెట్టె అక్కడ ఉంటే బల్లి అక్కడినుంచే పలకాలి. నేను రోజంతా తలుపు వేసుకుని ఆ గదిలో కూర్చుని అక్క మాటలకు చప్పరించలేను కదా. పెట్టెకు మూడు వైపులా గుడ్డ కట్టాను. మధ్యాహ్నానికి బూడిద లాగేసింది. మళ్లీ కట్టాను.

ఒకటి రెండు రోజులు చూద్దాం.

రోజు 22
వేసినవి నాలుగు. తిన్నది ఒకటి. బరువు నలభై ఆరు.

వకీలు నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా నేను జాగ్రత్తపడలేదు. పొద్దున అక్క పళ్లు తోముకుంటూ, "ఈ రోజు నీళ్లు సల్లగుండాయి," అంది. నేను వాకిట్లో ఉన్నాను. వంటింట్లోంచి మూడు చప్పరింపులు వినిపించాయి. అచ్చం నావే. నేను చివర్లో కొంచెం సాగదీస్తాను, ఆ సాగదీత కూడా పట్టేసింది.

అక్క నీళ్ల చెంబు కింద పెట్టింది. "బల్లి వంటింట్లోకి ఎప్పుడు పోయె?"

"గోడమీద తిరుగుతాంటాది గదక్కా."

"పెట్టెలో ఉండాదంటివి."

"అప్పుడప్పుడు వదులుతాండా."

"పిల్లి ఉండంగనా?"

ఏదో అన్నాను. ఏమన్నానో రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. అక్క మళ్లీ చెంబు అందుకుంది. అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టు అయింది నా పని. పంజరాన్ని వంటింట్లో ఇంకో మూలకు మార్చాను. మారిస్తే మరుస్తుందా అది.

సందు వాళ్ల వంతు కూడా ఈ రోజే. పది మంది వచ్చారు. సత్తెమ్మను చూద్దామంటే మట్టిచిప్ప కిందినుంచి ముక్కు కొస మాత్రం కనిపించింది. "కుందేలే నయం," అన్నారు ఎవరో. వకీలు వంటింట్లోంచి చప్పరించింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

రోజు 30
వేసినవి నాలుగు. తిన్నవి లేవు. బరువు నలభై మూడు.

హసీనా తనిఖీకి వచ్చింది. సత్తెమ్మను అరచేతిలో పెట్టుకుని తోక వేళ్లతో పట్టి చూసింది. ఈ జాతి తినే తిండి తోకలోనే దాచుకుంటుంది. మొదటిరోజు నా బొటనవేలంత లావున్న తోక ఇప్పుడు చిటికెనవేలంత అయింది.

పెట్టె ఎక్కడ ఉందో చూసింది. మూత మీద బూడిదను చూసింది. నా వైపు చూసి, నన్ను వాకిట్లోకి పిలిచింది.

"చిన్నాయనా, పుస్తకం సదివినావా?"

"చదివినా."

"సదివి కూడా ఈడ పెడితివా? పిల్లి నెత్తిమీద కూర్చుంటే అది ఎట్ల తింటాది? నలభైకి తగ్గితే నేను వెనక్కి తీసుకుపోవాల. ఈ రోజే మార్చు." చెప్పులు వేసుకుంటూ ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "అయినా పెద్దమ్మ పలికేదాన్ని గదా అడిగింది? దీంతో ఏం తృప్తి ఆమెకు?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మారుస్తానని మాట ఇచ్చాను.

లోపలికి వచ్చేసరికి అక్క మంచం మీద కూర్చుని ఉంది. "ఆ పిల్ల ఏమంటాంది?"

"బాగుందంటాంది. మేత కొంచెం పెంచమనింది."

అక్క ముఖం ఎత్తలేదు ఈసారి. అయినా నేను చప్పరించాను. ఎందుకు చప్పరించానో నాకే తెలియదు. అడగని అబద్ధం అది. ముప్పై రోజుల్లో చేసిన పనులన్నిటిలోకి అదే ఎక్కువ గుచ్చుకుంటోంది.

పెట్టె మార్చలేదు. దిగినరోజు పండగ పది రోజుల్లో ఉంది. అది గడిచాక మారుద్దాం అనుకున్నాను. ఆ రోజు అక్క కథ చెప్పమంటుంది, చెప్పాక బల్లి వైపు ముఖం ఎత్తుతుంది. ఆ ఒక్క రోజు బల్లి ఆమె తలాపున ఉండాలి.

రోజు 33
వేసినవి నాలుగు. తిన్నవి లేవు.

ఎప్పుడో ఒకప్పుడు తింటుందిలే అని కీచురాళ్లను ఏరేయకుండా పెట్టెలోనే వదిలాను. పొద్దున చూస్తే సత్తెమ్మ ఎడమ ముందుకాలి వేలు ఒకటి ఎర్రగా ఉంది. కొరికాయి. పుస్తకంలో రాసి ఉన్నదే జరిగింది. పసుపు రాయబోయి, ఈ ప్రాణికి ఏది పడుతుందో పడదో తెలియక, శుభ్రమైన నీళ్లతో తుడిచి ఊరుకున్నాను.

అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియలేదు. రెప్పలు మూసి తెరిచి నా వైపు చూసింది. దానికి నా మీద కోపం ఉన్నట్టు లేదు. ఉంటే బాగుండేది.

ఒక మాట ఒప్పుకోవాలి. పొదిగే శాలలో ఆ గోడబల్లి మూత కిందినుంచి పలికిందని మొదటిరోజు రాశాను. అది పలికినప్పుడే దాన్ని వద్దనుకున్నాను. ఈ ప్రాణి మా ఇంటి గోడ మీద ఉంటే, అక్క కర్రిగాడి కథ చెప్పమన్నప్పుడు ఏం చేస్తుందో అనుకున్నాను. పలకదేమో. లేదా ఇంకెవరో ఇంకేదో అన్నప్పుడు పలుకుతుందేమో. పిల్లి సంగతి నాకు ఆ తర్వాత గుర్తొచ్చింది. పలకనిదాన్ని నేను కావాలనే ఎంచుకున్నాను. ఆ పలకనిదాని పేరుతో నేనే పలికాను. దానికి తిండి లేకుండా చేశాను.

రోజు 37
వేసినవి మూడు. తిన్నవి లేవు. బరువు తోకతో ముప్పై తొమ్మిది. తోక లేకుండా ముప్పై ఆరు.

మధ్యాహ్నం సంగటి కెలుకుతున్నాను. లోపల గదిలో మూత పడిన చప్పుడైంది. పరుగెత్తి పోయేసరికి మూత నేలమీద ఉంది, బూడిద పంజా పెట్టెలో ఉంది. పిల్లిని కాలితో నెట్టాను. జన్మలో దాన్ని అట్లా నెట్టలేదు. సత్తెమ్మ మట్టిచిప్ప కిందికి దూరిపోయింది. తోక మాత్రం బయట ఇసుకలో ఉండిపోయి, ఇంకా ప్రాణం ఉన్నట్టు ఎగిరెగిరి అద్దానికి కొట్టుకుంటోంది.

"ఏందిరా ఆ సప్పుడు?" అక్క మంచం మీద లేచి కూర్చుంది.

"ఏం లేదక్కా. కీచురాయి."

"సత్తెమ్మ బాగుండాదా?"

"బాగుంది."

వంటింట్లోంచి వకీలు మూడుసార్లు చప్పరించింది.

నేను అక్క చేతి వైపు చూశాను. ఆ చెయ్యి మంచం కోడు మీదే ఉంది. వేలు కదలలేదు. కోడు మీదే చెయ్యి ఉండి కూడా పలుకు విని అక్క తట్టకపోవడం ఇదే మొదటిసారి.

అప్పుడే పెట్టెను ఎత్తి సామాన్ల గదిలో పెట్టి గడియ వేశాను. మొదటిరోజు చేయవలసిన పనికి రెండు నిమిషాలు పట్టింది. నలభైకి తగ్గితే వెనక్కి తీసుకుపోతానంది కాబట్టి సాయంత్రం కచేరికి కబురు పంపాను. ఇప్పుడు కదిలిస్తే అది తట్టుకోలేదు, పండగ గడిచాక వస్తానని హసీనా జవాబు పంపింది.

రోజు 39
వేసినవి రెండు. తిన్నది ఒకటి.

తిన్నది. పట్టకారుతో చూపిస్తే తిరిగి చూడలేదు. మట్టిచిప్ప ముందు వదిలి, గది దీపం తగ్గించి బయటికొచ్చాను. గంట తర్వాత చూస్తే ఒకటి లేదు. పెట్టెలో అన్ని మూలలూ వెతికాను, నిజంగానే లేదు. తోక మళ్లీ వస్తుందట, కానీ మొదటి తోకలా ఉండదట, పొట్టిగా మొద్దుగా వస్తుందని పుస్తకంలో ఉంది.

అక్క రెండు రోజులుగా బల్లి గురించి అడగలేదు. మాటలు కూడా తగ్గాయి.

రోజు 40
దిగినరోజు.

పొద్దున సందులో అందరూ పగటి దీపాల కింద నిలబడి పోయినవాళ్ల పేర్లు చదివారు. వచ్చి సంగటి చేశాను, గోంగూర నూరాను. అక్క తన చేత్తో ఒక ముద్ద చేసి చిన్న గిన్నెలో పక్కన పెట్టింది. బూడిద వాసన చూస్తూ వచ్చింది, అక్క దాన్ని మోచేత్తో జరిపింది.

"సత్తెమ్మ యాడుండాది?"

"సామాన్ల గదిలో. తలుపేసినా."

"మంచిది. దాన్ని ఆడనే ఉండనీ." చెయ్యి కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. "ఇప్పుడు చెప్పు. కర్రిగాని సంగతి."

ముప్పైసార్లు చెప్పిన కథ. నోటికి వచ్చేసింది. "బండి వచ్చేముందర ఇప్పినా అక్కా. కాలవకాడికి తోలకపోయి విడిచిపెట్టినా…"

వంటింట్లోంచి చప్పరింపులు. ఒకటి, రెండు, మూడు. చివరిది కొంచెం సాగదీసి.

"పోయి దాని పంజరం మీద గుడ్డ కప్పు," అంది అక్క.

కప్పి వచ్చాను. పీట మీద కూర్చున్నాను. తలాపున బల్ల ఖాళీగా ఉంది, పెట్టె ఉన్న చోట నాలుగు మూలలా దుమ్ము గీతలున్నాయి.

"ఇంక పలికేటోళ్లు ఎవరూ లేరు. నువ్వూ నేనూ. చెప్పు."

"విప్పలేదక్కా," అన్నాను.

నేను అంతా చెప్పాను. బండి ముందే వచ్చిందని, పనిముట్ల పెట్టె గొడవలో మరిచానని, మలుపు కాడ మొరుగుడు విన్నానని, ఆపమని అడగలేదని. తోక ఊపింది అన్నది కల్పించానని. ఈ నలభై రోజులు పలికింది నేనేనని, సత్తెమ్మ పలికే జాతి కాదని, ఆ అబద్ధం నిలబెట్టడానికి దాన్ని పిల్లి కింద ఉంచి తిండి లేకుండా మాడ్చానని. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు.

"పలికేది నువ్వని కందిబేడల దినమే తెలుసు," అంది. "బల్లి పలికితే గోడలో నుంచి వస్తాది సప్పుడు. నీది తంబాకు వాసనతో వచ్చె. నా సంతోషం కోసరం చేస్తాండావులే అనుకుంటి. కర్రిగాని మాటకు కూడా నువ్వు పలికినావు సూడు, ఆ దినం అర్థమాయె, అది ఇడిసిపెట్టింది కాదని. నిజమైతే నీకు బల్లి ఎందుకు?"

నేను బల్ల మీది దుమ్ము గీతలను అరచేత్తో తుడిచాను.

"నువ్వే చెప్తావని సూస్తాంటి. చెప్పకపోతివి. ఆ మూగదాని తోక పోయేదాకా చెప్పకపోతివి." సంగటి గిన్నెను తడిమి చూసింది, ఉన్నచోటే ఉందో లేదో అన్నట్టు. తర్వాత అడిగింది. "గొలుసు తొట్టి దాకా అందుతాండె గదా?"

వేపచెట్టుకు కట్టేవాళ్లం దాన్ని. చెట్టుకు అవతల కుడితి తొట్టి, దాని నిండా నీళ్లు. అక్క ఆ రోజు పోయేముందు నింపి పోయింది. ఈ ప్రశ్న ఒకటి ఉందని, ఏదో ఒక రోజు వస్తుందని ముప్పై ఒక్క ఏళ్లుగా నాకు తెలుసు.

"నేను కట్టినప్పుడు అందుతాండె," అంది మళ్లీ. "కొన్ని దినాలైనా నీళ్లు తాగింటాది. ఎవరైనా దావన పోయేటోళ్లు సూసి ఇప్పింటారు. గదా?"

అందుతుంది అని ఒక్క మాట అంటే చాలు. ఆమె వయసుకు, ఆ చల్లటి కాళ్లకు, ఆ మాట ఒక దుప్పటి. పలకడానికి బల్లి లేదు, గోరింక లేదు, కాదనేవాళ్లు ఎవరూ లేరు. నాలుక అంగిటి దాకా పోయింది.

"ఆ వారమే నేను గొలుసు రెండు మూరలు కోసినా అక్కా," అన్నాను. "మిరపనారు తొక్కుతాందని."

"అంటే?"

"అందదు."

అక్క చెయ్యి మెల్లగా మంచం కోడు దగ్గరికి పోయింది. చూపుడువేలితో మూడుసార్లు తట్టింది.